చెవి బిళ్ల

పొద్దన్నే అయిదున్నరకు
చిత్తూరు నుంచి వ్యాను రాకముందే
ఇరాల దగ్గర ఈ రేకుల షెడ్డులో
అరవైమూడిండ్ల పాలు కొలుస్తాను నేను.
చెంగల్రాయులు ఎనుము పాలు,
అముద ఆవు పాలు,
వట్టిపోతా ఉన్న ముసలి పశువుల నీళ్లపాలు.
ఫ్యాటు వేరు, రేటు వేరు, రాసే గీత వేరు.
క్యానులో పడినాక మాత్రం
ఏ చుక్క ఎవరిదో
యముడొచ్చి అడిగినా చెప్పలేను.

పోయిన ఆడికృత్తిక నుంచి
లీటరుకు అర్ధరూపాయి పట్టుకొని
లెక్కల పుస్తకం చివరి గడిలో రాస్తున్నాను.
దానికి పేరు పెట్టలా. అందరూ 'ఆ గడి' అంటారు.
ఆ గడిలోంచే అముద మొగుడు శరవణ
వారానికి మూడుసార్లు తిరుపతికి పోతాడు,
నెత్తురు కడిగించుకోను.
బస్సు చార్జీ, మాత్రలు, మధ్యాన్నం ఇంత సాంబారన్నం.
కార్డు ఉంది గదా అంటారు. ఉండాది.
కార్డు మిషను దాకా తీసుకుపోతుంది,
మిషను నుంచి ఇంటికి తీసుకురాదు.

నిన్న చెంగల్రాయులు పాలు పోయలేదు.
తపేలా చంకనే పెట్టుకుని నిలబడినాడు.
"అరవైరెండేండ్లు నాకు.
ఒక్క సూది దిగలా ఈ ఒంట్లో.
సంగటి తిన్నా, మడక దున్నినా, సారాయి ముట్టలా.
వాడు తాగినాడు, ఒళ్లు చెడగొట్టుకున్నాడు.
వాడి తాగుడుకు నా ఎనుమెందుకు పాలియ్యాల?"

అబద్ధం కాదు. శరవణ తాగినోడే.
అముద అక్కడే ఉంది, కుళాయి కాడ,
కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతా.
నాకు జవాబు తోచలేదు.
లాక్టోమీటరు పాలల్లో నిలువునా తేలుతోంది.
చిక్కనా పలచనా అది చెప్తుంది,
తప్పెవరిదో చెప్పదు.

అప్పుడు, కానగచెట్టుకు కట్టేసిన ఆయన ఎనుము
ఈగలకు తల విదిలించింది.
చెవికి పసుప్పచ్చ బిళ్ల. బిళ్ల మీద నంబరు.

"మామా, రెండేండ్ల కింద
నీ పాత ఎనుము కడుపుబ్బి చచ్చిపోతే
బిళ్లతో కూడా చెవి కోసి
కవర్లో ఏసుకోని పోయినారే,
ఆ నలభైవేలు ఎవురిచ్చినారు?"
"కంపెనీ."
"కంపెనీకి?"
ఆయన మాట్లాడలేదు.
"చావని ఎనుములిచ్చినాయి మామా.
పుంగనూరువి, పలమనేరువి,
నీ మొగం ఎన్నడూ చూడనివి."

పచ్చిజొన్నలోకి దాన్ని తోలింది నువ్వే గదా
అనబోయి, ఆగినాను.
ఆ పొద్దు ఏ ఎనుమూ ఆ మాట అడగలేదు.

ఎనుము చెవికి బిళ్ల ఉండాది.
అముద చెవిలో వేపపుల్ల ఉండాది.
కమ్మలు బ్యాంకులో ఉండాయి, మూడో వాయిదా దాటిపోయి.

నా గడి సంగతి నాకు తెలవదా?
రోజుకు మూడొందల ఎనభై లీటర్లు,
నూటతొంభై రూపాయలు.
ఒక్క గుండెకు స్టెంటు పడిందా,
ఏడాది గడి బోర్లా పడుకుంటాది.
అరవైమూడిండ్ల క్యాను చాలదు.
డెయిరీలో ఉంటాదే, ఊళ్లూళ్లూ వచ్చి పడే తొట్టి,
నిచ్చెనేసుకొని ఎక్కి చూడాల్సింది,
అంతది కావాల.
బురద కాళ్లోడూ పొయ్యాల, కారు దిగినోడూ పొయ్యాల,
జబ్బంటే ఎట్టుంటాదో తెలీని
చెంగల్రాయులు లాంటోడు అందరికన్నా ముందు పొయ్యాల.
చంకన పెట్టుకున్న పాలు
మధ్యాన్నానికి ఎట్టా విరిగిపోతాయి,
ఎవరివి వాళ్లకే.

ఇదంతా నేను ఆయనకు చెప్పలేదు.
ఇంటికొచ్చి రాత్రి అనుకున్నాను.

నిన్న మాత్రం మలుపులో వ్యాను హారను కొట్టింది.
చెంగల్రాయులు తపేలా వంచినాడు.
అడుగు మీద అరచేత్తో మూడుసార్లు తట్టినాడు.
"రాసుకో.
ఎవురికి పోతాదో నాకు చెప్పొద్దు."

"ఫ్యాటు ఆరు పాయింటు రెండు" అన్నాను.
"మొన్న ఆరు పాయింటు నాలుగు గదా" అని
గొణుక్కుంటా ఎనుమును విప్పుకోని పోయినాడు.